ఫాదర్ గారు మా అరుగు మీద కూర్చున్న రోజులు

ఫాదర్ జోజప్ప గారు పోయారన్న కబురు నాకు మందుల షాపులో తెలిసింది. గాజువాకలో మేముండే వీధి చివర ఆ షాపులో పనిచేసే మేరీది మా ఊరే. అంటే మా ఊరి పేట. చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారిలో, చెరుకు తోటల మధ్య ఉంటుంది మా ఊరు. ఊరికి ఎడంగా, వాగులాంటి గెడ్డ ఒడ్డున ఉంటుంది పేట. ఊళ్లో ఉన్నది మేం హిందువులం, పేటలో ఉన్నది కేథలిక్కులు. బీపీ మాత్రలు కవర్లో వేస్తూ మేరీ, "టీచరు గారూ, మన ఫాదర్ గారు పోయేరంట. రేపు పొద్దున్న సమాధి సేస్తారంట. మీతో సెప్పాలో వద్దో నాకు తెలీలేదు" అంది. చెప్పి మంచి పని చేశావన్నాను. చిల్లర తీసుకుని ఇంటికి వచ్చాను. కుక్కర్ పెట్టి, చారు కాచి, అమ్మకి మెత్తగా కలిపి తినిపించాను. ఆయనకి వయసు ఎంత ఉంటుందా అని లెక్క వేసుకున్నానే తప్ప, ఆయన పోయారన్న మాట నా లోపలికి దిగలేదు.

మర్నాడు వెళ్లాను. ముసలివాళ్లయిపోయిన చర్చి గురువులు ఉండే ఆశ్రమం అది, నగరం చివర, కొండకి ఆనుకుని. వచ్చినవాళ్లు కొద్దిమందే. పెట్టెలో తెల్లటి అంగీ, వేళ్ల మధ్య జపమాల, కాళ్లకి తెల్ల మేజోళ్లు. ఆయన కాళ్లకి మేజోళ్లు నేనెప్పుడూ చూడలేదు. మా ఊరు వచ్చే రోజుల్లో ఆయనవి ఎర్రమట్టి పట్టిన రబ్బరు చెప్పులు, మడమల మీద పగుళ్లు. ముఖం బాగా చిన్నదైపోయింది. పెట్టె పక్కన నిలబడి ఏదో ఒకటి వస్తుందని కాచుకున్నాను. ఏదీ రాలేదు. నేను ఏడుస్తున్నాననుకుని ఒక సిస్టరు నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడవడం లేదని చెప్పడం బాగుండదని అలాగే ఉండిపోయాను. తర్వాత వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. పూజ మొదలయ్యేదాకా అక్కడ కూర్చుని తలుచుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

చలికాలం వచ్చిందంటే మా ఇల్లంతా బెల్లం వాసనే. ఇంటి వెనకే బెల్లం వండే సాల. ఒక పక్క గానుగ, మధ్యలో పెద్ద ఇనప పెనం, దాని కింద చెరుకు పిప్పితో మంట. రసం మరిగి నురుగు పైకి లేస్తుంటే మా అన్నయ్య రమణ పొడుగు గరిటెతో ఆ నురుగు తీస్తూ ఉండేవాడు. పాకం ఎప్పుడు దించాలో మా నాన్న చూసి చెప్పేవాడు. నోటితో కాదు, తల ఊపేవాడు, అంతే. మా నాన్న సన్యాసినాయుడుకి మాటలు తక్కువ. పొద్దున్నే చోడి అంబలి తాగి తోటకి వెళ్తే ఎండెక్కాక వచ్చి, సాలలో పని చూసుకుని, అన్నం తిని, అరుగు మీద ఆ చివర కూర్చునేవాడు. ఈ చివర మా మామ్మది. మామ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, రెండో కొసలోంచి పొగ వదులుతూ, వీధిలో పోయే ప్రతివాళ్లనీ పలకరించేది. నిప్పు నోట్లో ఉండగానే అంత స్పష్టంగా ఎలా తిట్టగలిగేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మ వంటింట్లో ఉండేది. ఎండుచేపల కూర వాసన, బెల్లం వాసన, మామ్మ పొగాకు వాసన కలిసిపోయి నా పుస్తకాలకి కూడా పట్టేవి. చోడవరం కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి, "నువ్వొస్తే మీ సాల కూడా వచ్చీసినట్టుంటదే" అనేది.

ఫాదర్ గారు ఆదివారాలు పేటలో పూజ చెప్పడానికి చోడవరం నుంచి సైకిల్ మీద వచ్చేవారు. ఆయనది గుంటూరు వైపు. పొడుగ్గా, నల్లగా, కొంచెం ముందుకి వంగి నడిచేవారు. పేటకి దారి మా సాల పక్కనుంచే. తిరిగి వెళ్లేటప్పుడు సాల దగ్గర దిగి, అన్నయ్య ఇచ్చిన చెరుకు రసం లోటా ఎత్తి తాగి, మా నాన్న పక్కన ఒక చెక్క దిమ్మ మీద కూర్చునేవారు. ఇద్దరూ వాన గురించి, చెరుకు రేటు గురించి ఒకటో రెండో మాటలు అనుకునేవారు. దేవుడి మాట నేను వినలేదు. మా అన్నయ్య చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్నది ఆయన సైకిల్ మీదే. పడి మోకాలు చీరుకుపోతే ఆయనే పసుపు అడిగి పెట్టారట. మామ్మ ఆయన్ని "ఫాదరు బాబూ" అని పిలిచేది. "పెల్లీ పెటాకులూ నేకుండా ఎలగుంతన్నావు బాబూ" అని అడిగేది. ఆయన నవ్వేవారు.

గొడవ డప్పు దగ్గర మొదలైంది. మరిడమ్మ పండక్కి ఘటాల ముందు డప్పు కొట్టడం పేట వాళ్ల వంతు. వాళ్ల తాతలనాటి నుంచీ కొడుతున్నారు, పూజకి వెళ్తున్నా అదీ సాగుతూనే ఉంది. ఆ ఏడాది పేట కుర్రాళ్లు, చోడవరంలో హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లు, ఇక కొట్టం అన్నారు. వాళ్లలో ముందుగా నోరు తెరిచింది దానియేలు. అతను వడ్డాది హైస్కూల్లో మా అన్నయ్య క్లాసే. ఇద్దరూ ఒకే వాలీబాల్ టీములో ఆడేవారు. "డబ్బులిచ్చినా కొట్టం. సెప్పులిప్పి, వొంగొంగి కొట్టే డప్పు మాకొద్దు" అన్నాడట పెద్దల ముందు. ఇది ఫాదర్ గారు నేర్పిన మాటే అని ఊరు అనుకుంది. ఆయన్ని పంచాయతీకి పిలిచారు. ఆయన వచ్చి, "కొట్టమనీ నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కానీ ఇష్టం లేని చేత్తో కొట్టించిన డప్పు అమ్మవారికి మాత్రం ఎందుకు బాబూ?" అన్నారు. ఆ మాటతో ఊరు చల్లబడుతుందని ఆయన అనుకుని ఉంటారు. ఇంకా మండింది. పేట వాళ్లని పనికి పిలవకూడదన్నారు, కొట్లో సరుకు ఇవ్వకూడదన్నారు. మా నాన్న కూడా ఆ కట్టుబాటులో ఉన్నాడు. చెరుకు నరకడానికి వేరే ఊరి నుంచి మనుషుల్ని తెచ్చాడు. ఫాదర్ గారి సైకిల్ సాల దగ్గర ఆగడం మానేసింది. నాన్న తల ఎత్తేవాడు కాదు, ఆయనా దిగేవారు కాదు.

పండగ రోజున డప్పులు కె.కోటపాడు వైపు నుంచి వచ్చాయి. ఊరేగింపు ఎప్పటిలాగే పేట ముందు నుంచి వెళ్లాలి. ఎప్పుడూ ఆగని చోట, పేట వాళ్లు ఆదివారం పూజ చేసుకునే తాటాకు గుడి ముందు, ఆ మధ్యాహ్నం ఆగింది. గుడి లోపల ఆడవాళ్లు జపమాల చెప్పుకుంటున్నారు. వాళ్ల గొంతు వినపడనంత గట్టిగా డప్పులు కొట్టించారు. నేనూ అమ్మా ఘటాల వెనక ఉన్నాం. ఎవరో టపాకాయల సరం అంటించి విసిరారు. అది కప్పు మీద పడింది. తాటాకు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆడవాళ్లు అరుస్తూ బయటికి వచ్చారు, పేట మగవాళ్లు ఇళ్లలోంచి వచ్చారు, పొగ కమ్ముకుంది, రాళ్లు లేచాయి. రెండు వైపుల నుంచీ లేచాయి. మా అన్నయ్య ఆ మండుతున్న కప్పు వైపు పరుగెత్తడం నేను చూశాను. ఆర్పడానికి వెళ్లాడో, మరెందుకు వెళ్లాడో నాకు తెలియదు. చెవి వెనక రాయి తగిలింది. చెప్పు తెగితే సరిచేసుకోవడానికి కూర్చున్నవాడిలా నెమ్మదిగా కింద కూర్చున్నాడు. తర్వాత పక్కకి ఒరిగాడు. టపాకాయలు ఎవరు విసిరారో ఊళ్లో ఎవరూ అడగలేదు. రాయి ఎవరు విసిరారన్నదే అందరి ప్రశ్న.

విశాఖపట్నం పెద్దాసుపత్రికి జీపులో తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. ఆ తర్వాతి రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. అమ్మ గొంతు పోయింది. నాన్న గడ్డం గీసుకోలేదు. పెనంలో సగం మరిగిన రసం అలాగే పులిసిపోయింది. ఎవరో దాన్ని గెడ్డలో పారబోశారు. ఆ పులిసిన వాసన ఊరంతా కొట్టిందని తర్వాత అందరూ చెప్పారు. నాకు తెలియలేదు. నాకు ఏ వాసనా తెలియలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలు నన్ను కావలించుకుని ఏడుస్తుంటే, వాళ్ల జాకెట్టు కుట్టు ఎక్కడ ఊడిందో చూస్తూ ఉండేదాన్ని. బియ్యం ఏరమంటే ఏరాను. నీళ్లు తోడమంటే తోడాను. మామ్మ ఒక్కతే నన్ను చూసి, "ఈ గుంట ఏడవట్లేదేటి" అంది. మామ్మ కూడా చుట్ట ముట్టుకోలేదు. పోలీసులు పేటలో దొరికిన ముసలివాళ్లని ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లి వదిలేశారు. మగవాళ్లంతా చీడికాడ అవతల కొండల్లోకి పారిపోయారు. ఆడవాళ్లూ పిల్లలూ మిగిలారు.

అన్నయ్యని దహనం చేసిన మర్నాడే ఫాదర్ గారు వచ్చారు. సైకిల్ ఊరి మొదట్లోనే వదిలేసి, తెల్ల అంగీతో, నడివీధిలో ఒక్కరే నడిచి వచ్చారు. మా చిన్నాన్న అప్పారావు అడ్డం వెళ్లి అంగీ పట్టుకుని లాగాడు. భుజం దగ్గర చిరిగింది.

"మా గుంటణ్ణి సంపించి, ఏ మొకం ఎట్టుకుని వచ్చేవు?"

"ఇదే ముఖం బాబూ. నాకు ఇంకొకటి లేదు" అన్నారు ఆయన.

ఎవరో పేడనీళ్లు పోశారు. ఆయన తుడుచుకోలేదు. మా అరుగు దగ్గరికి వచ్చి, కింద మెట్టు మీద కూర్చున్నారు. లోపలి నుంచి ఎవరూ పలకరించలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు. చిరిగిన చోట నల్లదారంతో కుట్టుకున్నారు, మగవాడు కుట్టిన కుట్టు, వంకరగా. ఆ రోజూ అంతే. దారినపోయేవాళ్లు ఉమ్మేసి వెళ్లేవారు. ఆయన జపమాల తియ్యలేదు, పెదాలు కదపలేదు, ఊరికే కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ మెట్టు మీదికి వచ్చినప్పుడు మామ్మ లోపలి నుంచి, "ఒసే సత్తీ, ఆ మనిసికి మంచినీల్లియ్యి. మన గుమ్మంలో దాహంతో ఎవలూ కూకోకూడదు" అంది. చిన్నాన్న గట్టిగా అరిచాడు. మామ్మ అంతకంటే గట్టిగా అరిచింది. నేను చెంబు తీసుకెళ్లాను. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, "పరీక్షలు ఎప్పుడమ్మా?" అని అడిగారు. వచ్చే నెల అన్నాను. "చదువుతున్నావా?" అన్నారు. అవునన్నాను. అన్నయ్య పోయాక నన్ను నా గురించి అడిగిన మనిషి ఆయన ఒక్కరే. నేను చదవడం లేదు. కానీ ఆ సాయంత్రం పుస్తకం తీశాను. అక్షరాల మీదుగా కళ్లు నడిపించాను.

కొన్నాళ్లకి నాన్న బయటికి వచ్చి, తన చివర తను కూర్చున్నాడు. ఫాదర్ గారిని పైకి రమ్మనలేదు. ఆయనే మెట్టు మీంచి లేచి అరుగు మీదికి వచ్చి, మామ్మ చోట కూర్చున్నారు. ఇద్దరూ వీధి వైపే చూస్తున్నారు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను.

"నా కొడుకు మీద రాయేసినోడెవడో నీకు తెలుసు" అన్నాడు నాన్న.

"నాకు తెలియదు సన్యాసినాయుడు గారూ."

"తెలిస్తే సెప్తావా?"

"చెప్పను."

"మరెందుకొచ్చి కూకుంతన్నావు?"

"ఇంకెక్కడ కూర్చోవాలో నాకు తోచలేదు" అన్నారు ఆయన. "పేటలో కూర్చుంటే ఆడవాళ్లు నన్ను చూసి ఏడుస్తున్నారు. గుడి లేదు. రమణ కూడా నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడే."

తర్వాత నాన్న అంత పొడుగ్గా మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. "దినం అయ్యేక మావోలు పేట మీద పడతారు. మా తమ్ముడు పెట్రోలు తెచ్చి సాలలో దాసేడు. సూసేను. ఆపడానికి నా దగ్గర మాట నేదు. ఒక్కడొచ్చి నా ముందు నిలబడి నానే అంటే, ఆణ్ణి నా సేతుల్తో నానే పోలీసులకి అప్పగిస్తాను. మిగిలినోల జోలికి ఎవల్నీ ఎల్లనివ్వను. ఒక్కడు రావాల. ఎవడూ రాపోతే, నాకూ ఆపాలని నేదు."

ఫాదర్ గారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వైపే చూశారు. "అడిగి చూస్తాను" అని లేచారు. ఆ తర్వాత కొన్నాళ్లు రాలేదు. కొండల్లోకి వెళ్లారని చెప్పుకున్నారు. పారిపోయాడన్నాడు చిన్నాన్న.

దినానికి ముందు రోజు, ఇల్లంతా చుట్టాలు, పెరట్లో పొయ్యిలు తవ్వుతున్నారు. వీధిలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. నేను గుమ్మంలోకి వెళ్లేసరికి ఫాదర్ గారు నడిచి వస్తున్నారు. పక్కన దానియేలు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా ముళ్లకి చీరుకుపోయి ఉన్నాయి. ఇద్దరూ వచ్చి మా అరుగు ముందు ఆగారు. నాన్న లేచి నిలబడ్డాడు. ఫాదర్ గారు, "దానియేలు వచ్చాడండీ" అన్నారు, అంతే. దానియేలు, "నానే బాబూ" అన్నాడు. మళ్లీ అన్నాడు.

నాన్న కంటే ముందు అమ్మ కదిలింది. పెరట్లోంచి పిండి చేతులతో వచ్చి, అతని చొక్కా పట్టుకుని, గుండె మీద, మొహం మీద కొట్టడం మొదలుపెట్టింది. గొంతు లేదు కాబట్టి ఏ శబ్దమూ లేదు, దెబ్బల శబ్దం తప్ప. అతను చేతులు కిందికి వేసి నిలబడ్డాడు. ఫాదర్ గారు ఆపలేదు, నాన్నా ఆపలేదు. చేతులు అలిసిపోయాక అమ్మ అక్కడే కూలబడింది. నాన్న లోపలికి వెళ్లి కండువా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చాడు. దానియేలు భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగా పట్టుకున్నాడు, వేళ్లు తెల్లబడ్డాయి. "పద" అన్నాడు. వీధి మలుపులో చిన్నాన్న, మరికొందరు కర్రలతో నిలబడ్డారు.

"అన్నియ్యా, పక్కకి తప్పుకో" అన్నాడు చిన్నాన్న.

"పోయింది నా కొడుకురా. నీ కొడుకు కాదు. దారియ్యి."

చిన్నాన్న కదల్లేదు. నాన్న కూడా ఆగలేదు. భుజం తగిలేంత దగ్గరికి వెళ్లాక చిన్నాన్న పక్కకి జరిగాడు. మా నాన్న, దానియేలు, వెనక ఫాదర్ గారు, ముగ్గురూ చెరుకు తోటల మధ్య చోడవరం రోడ్డు పట్టి, ఆ ఎండలో పోలీసు స్టేషన్ దాకా నడిచి వెళ్లారు. బస్సు ఎక్కలేదు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. నాకు కోపం గానీ ఊరట గానీ కలగలేదు. పెరట్లో పప్పు మాడుతోందని ఎవరో అరిస్తే వెళ్లి దించాను.

దినం సవ్యంగా జరిగింది. పేట మీదికి ఎవరూ వెళ్లలేదు. మగవాళ్లు ఒకరొకరుగా కొండల్లోంచి దిగి వచ్చారు. ఎండిపోతున్న చెరుకు నరకడానికి మళ్లీ వాళ్లనే పిలిచారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా నరికారు, మోశారు, కూలి తీసుకున్నారు. పెనం ముందు అన్నయ్య చోట నాన్నే నిలబడ్డాడు. దానియేలుకి కొన్నేళ్లు శిక్ష పడింది. దీన్ని రాజీ అనాలో మరేమనాలో నాకు తెలియదు. ఊళ్లోవాళ్లు ఫాదర్ గారికి దణ్ణం పెట్టలేదు. డప్పు ఆపించినవాడిగానే ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. పేట వాళ్లు మా పిల్లణ్ణి పట్టిచ్చిన గురువు అన్నారు. కొత్తగా వేసిన గుడిలో ఆయన పూజ చెబుతుంటే దానియేలు తల్లి గుమ్మం బయట వీపు తిప్పి కూర్చునేదట. ఆ మరుసటి ఏడు ఆయన్ని వేరే విచారణకి, అంటే వేరే ఊరి చర్చికి, మార్చేశారు. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చారు. నాన్న చెరుకు రసం ఇప్పించాడు. తాగి వెళ్లారు. మా ఊరు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరూ డప్పు కొట్టరు. పండక్కి డీజే పెడతారు. బెల్లం సాల తీసేసి చిన్నాన్న మనవలు షెడ్డు వేసి అద్దెకిచ్చారు. పేటలో సిమెంటు గుడి ఉంది, టైల్సు వేశారు. ఆ మధ్య బస్ షెల్టర్ దగ్గర ఒక ఫ్లెక్సీ చిరిగిందని గొడవైందట. ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే, గంట తిరక్కుండా మా ఊరి పేరు కూడా సరిగ్గా తెలియని కుర్రాళ్లు బైకుల మీద వచ్చి దిగారని మేరీ చెప్పింది. పోలీసులు వచ్చి చెదరగొట్టారు. ఆ రోజులు ఈ రోజుల కంటే మంచివని నేను అనను. మా అన్నయ్య పోయింది ఆ రోజుల్లోనే. కానీ అప్పుడు కొట్టేవాడికీ కొట్టించుకునేవాడికీ ఒకరి పేరు ఒకరికి తెలుసు. మధ్యలో కూర్చోవాలనుకున్న మనిషికి ఏ ఇంటి ముందు కూర్చోవాలో తెలిసింది. ఇప్పుడు ఫాదర్ గారు వస్తే ఎవరి అరుగు మీద కూర్చుంటారు? అరుగులే లేవు. గేట్లున్నాయి, గేటు పైన కెమెరాలున్నాయి.

పూజ అయ్యాక పెట్టెని ఆశ్రమం వెనక ఉన్న తోటలోకి మోసుకెళ్లారు. అందరితో పాటు నేనూ మట్టి వేశాను. తిరిగి వస్తుంటే వెనక నుంచి ఎవరో, "అమ్మా" అన్నారు. తెల్లజుట్టు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో గుడ్డసంచి. "నాను దానియేలుని" అన్నాడు. నేను అతని ముఖంలోకి చూశాను. ఇక్కడైనా ఏదో ఒకటి వస్తుందనుకున్నాను. అదీ రాలేదు. నీడలో సిమెంటు బెంచీ ఉంటే, కూర్చోండి అన్నాను. అతను ఆ చివర కూర్చున్నాడు. ఇక్కడే ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా ఉన్నానని, నెలనెలా వచ్చి ఫాదర్ గారిని చూసి వెళ్లేవాడినని చెప్పాడు.

"మీ నాన్నగారు పోయేరని తెలిసింది. రావడానికి మొకం సెల్లలేదు. మీతో ఆయన సెప్పే ఉంటారు."

"ఏం చెప్పడం?"

అతను నా వైపు చూశాడు. చెప్పలేదని అర్థమైనట్టుంది. సంచి ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఆ రాయి నాదో కాదో నాకు తెల్దమ్మా. అందరం ఇసిరేం. పొగలో ఎవల రాయి ఎవలికి తగిలిందో ఎవడు సూసేడు? కొండమీద ఫాదర్ గారు మా మద్దెన కూకుని, నాయుడు బాబు ఇలగన్నారు అని సెప్పేరు. ఎవల్నీ ఎల్లమన్లేదు. సెప్పేసి, మొకం రెండు సేతుల్తో కప్పుకున్నారు. మాయమ్మా సెల్లీ పేటలోనే ఉన్నారు. నాను లేసేను. దారంతా ఆయన వద్దురా, ఎనక్కెల్లిపో అంతానే ఉన్నారు. నేనే విసిరానని నేను చెప్తాలే అన్నారు. మీరు రాయేసేరంటే ఎవలు నమ్ముతారు ఫాదర్ గారూ అన్నాను."

పెట్టె మోసినవాళ్లు చేతులు కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మా నాన్నకి ఇది తెలుసా?" అన్నాను.

"సోడవరం ఇంకా రాకముందే అడిగేరు. నిజంగా నువ్వేనేట్రా అని. అప్పుడు అబద్దం ఆడలేకపోయేను. తెల్దు బాబూ అన్నాను. మీ నాన్నగారు నడక ఆపీసేరు. రోడ్డు మీద అలగే నిలబడిపోయేరు. ఫాదర్ గారూ నిలబడ్డారు. ఎంతసేపటికో, 'ఈ మాట మరెవలికీ సెప్పకు. సెప్తే మల్లీ మొదలవుద్ది' అన్నారు. అని, నా బుజం మీద సెయ్యి తీసీసి ముందు నడిసేరు. నాను కావాలంటే పారిపోవచ్చు. పారిపోలేదు." అతను ఆగి, "మీ నాన్నగారు ఇశాపట్నం జైలుకొచ్చేవోరు. బెల్లం తెచ్చేవోరు. ఏటీ మాటాడేవోరు కాదు, కూకుని ఎల్లిపోయేవోరు" అన్నాడు.

నాన్న అప్పుడప్పుడు విశాఖపట్నం మార్కెట్లో పని ఉందని వెళ్లి వస్తుండేవాడు. అన్నయ్య పేరు చెప్పుకుని అమ్మ ఆ చంపినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టినప్పుడల్లా లేచి తోటకి వెళ్లిపోయేవాడు. కొడుకు మాట వినలేక వెళ్లిపోతున్నాడని మేమంతా అనుకున్నాం. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాం. బెంచీ మీద కూర్చుని ఇదంతా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూశాను. ఎవరి లెక్కో రాస్తున్నంత దూరంగా ఉంది. దానియేలు లేచి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. బస్సుస్టాపు దాకా ఇద్దరం కలిసే నడిచాం. అతని బస్సు ముందు వచ్చింది.

ఇంటికి వచ్చి స్నానం చేసి అమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. ఆవిడకి చూపు చాలామట్టుకు పోయింది, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి.

"మట్టి సేసేసేరేటి ఫాదర్నీ?" అంది.

"అయిపోయిందమ్మా."

"ఆడొచ్చేడా?"

"ఎవరు?"

"ఆడేనే. నా కొడుకుని సంపినోడు. ఫాదరంటే పేనమంట కదా ఆడికి."

వంటింట్లో కొళాయి కట్టలేదని గుర్తొచ్చి వెళ్లి కట్టి వచ్చాను. ఆవిడ ఇంకా నా వైపనుకుని చూస్తోంది, నేను నిలబడి లేని వైపు.

"రాలేదమ్మా" అన్నాను.

"సచ్చుంటాడు" అంది అమ్మ, కాస్త నెమ్మదించిన గొంతుతో. అన్నం పెట్టమంది. పెట్టాను.